మనువు వెలివేసిన మందు: పుట్టగొడుగులు, గాయాలు, మన జ్ఞానం

నాకు పదేళ్లప్పుడు వరికోతల్లో కొడవలి జారి ఎడమచేతి చూపుడువేలు తెగింది. నెత్తురు ఆగలేదు. పక్క మునుంలో కోస్తున్న మా పెద్దమ్మ ఉరికొచ్చింది. ముందు వేలిని గట్టిగా అదిమి పట్టింది. తర్వాత గట్టుమీద వెతికి, ఎండిపోయిన ఒక గుండ్రటి పుట్టగొడుగును తెంపుకొచ్చింది. వానాకాలంలో తెల్లగా కోడిగుడ్డులా లేచి, ఎండాక మట్టిరంగుకు తిరిగి, నొక్కితే పొగలాగా పొడి చిమ్మే రకం అది. పిల్లలం దాన్ని కాలితో తొక్కి పొగ లేపి ఆడుకునేవాళ్లం. ఆమె ఆ పొడిని తెగినచోట అద్ది, పాతచీర పీలిక కట్టి, "మూడొద్దులు తడి తాకనియ్యకు బిడ్డా" అన్నది. వేలు మానింది. గీత ఇప్పటికీ ఉంది.

ఇరవై ఏళ్ల తర్వాత, మా ఇంటి నుంచి యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి మనిషిగా, ఒక సెమినార్‌లో ఈ సంగతి చెప్పాను. దళితవాడల వైద్యజ్ఞానం మీద నా పరిశోధన. నేను చెప్పడం అయిపోయాక ఒక పెద్ద ప్రొఫెసర్ "బాగుంది, కానీ దీనికి టెక్స్ట్ ఏదైనా ఉందా?" అని అడిగాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. నాకు జవాబు తోచలేదు. టీ తాగేటప్పుడు ఒక విద్యార్థిని దగ్గరికొచ్చి ఇంకో ప్రశ్న వేసింది. "అన్నా, పొడితోనే మానిందా, వేలు దానంతటదే మానిందా?"

మొదటి ప్రశ్న నన్ను నొప్పించింది. రెండోది నిద్రపోనివ్వలేదు. ఒకటి జ్ఞానానికి హక్కుదారు ఎవరని అడుగుతుంది. రెండోది ఆ జ్ఞానం నిజమా అని అడుగుతుంది. మనవాళ్లం మొదటిదాని మీది కోపంతో రెండోదాన్ని వదిలేస్తున్నాం. సైన్సు వాళ్లు రెండోదాన్నే పట్టుకుని మొదటిదాన్ని పట్టించుకోవడం లేదు. ఈ వ్యాసంలో రెండింటినీ కలిపి చూడటానికి ప్రయత్నిస్తాను.

శ్లోకంలో పుట్టగొడుగు

మనుస్మృతి 5వ అధ్యాయంలో తిండి నియమాలున్నాయి. అందులో 5వ శ్లోకం ద్విజులు తినకూడనివాటిలో వెల్లుల్లి, ఉల్లితో పాటు పుట్టగొడుగును కూడా చేర్చింది. అశుద్ధంలో పుట్టేవన్నీ నిషిద్ధమంది. 19వ శ్లోకం ఇంకా కఠినం. పుట్టగొడుగు, ఊరపంది, వెల్లుల్లి, ఊరకోడి, ఉల్లి వంటివాటిని తెలిసి తిన్న ద్విజుడు పతితుడవుతాడట. ఈ జాబితాను లైబ్రరీలో మొదటిసారి చదివినప్పుడు నాకు మా వాడ వంటింటి జాబితా చదివినట్టే అనిపించింది. వాళ్లకు పతనమైనది మనకు పండగకూర! 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ నాయకత్వంలో ఆ గ్రంథాన్ని తగలబెట్టారు గదా, ఆ మంటలో ఈ శ్లోకమూ ఉంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. సంస్కృత వైద్యానికి పుట్టగొడుగు తెలియక కాదు. సుశ్రుత సంహిత గడ్డిమీద, చెరకుమీద, పేడమీద, వెదురుమీద, నేలమీద మొలిచేవాటిని విడివిడిగా చెప్పి వాటి గుణాలను కూరల వరసలో రాసింది. బౌద్ధ సాహిత్యానికీ తెలుసు. కమ్మరి చుందుడు బుద్ధుడికి పెట్టిన ఆఖరి భోజనం 'సూకరమద్దవం' అంటే పంది మాంసమా, పందులు తొక్కిన చోట మొలిచిన పుట్టగొడుగా అని పాళీ వ్యాఖ్యాతలు పాతకాలం నుంచీ తర్కించుకున్నారు. అక్కడ పుట్టగొడుగుకు వాడిన మాట 'అహిచ్ఛత్తకం', అంటే పాముగొడుగు. పాము ఉండేది పుట్టలోనే గదా.

అంటే వైద్యానికి తెలిసినదాన్ని ధర్మశాస్త్రం వెలివేసింది. వెలివేసినదాన్ని వెతుక్కుంటూ చెలకల్లో, అడవిలో తిరిగింది ఎవరు? మన ఆడవాళ్లు, ఆదివాసీలు. ఏ వానకు ఏది మొలుస్తుంది, ఏది కూరకొస్తుంది, ఏది ప్రాణం తీస్తుంది, ఏది పుండుకు పనికొస్తుంది అన్న తెలివి వాళ్ల దగ్గరే పెరిగింది. పుట్టగొడుగు అన్న మాటనే చూడండి. చెదలు పుట్టలోపల ఒక రకం శిలీంధ్రాన్ని సాగుచేస్తాయి. వానలు పడ్డాక అది పుట్టమీద గొడుగై లేస్తుంది. సైన్సు ఆ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టింది. చెదల శిలీంధ్రమని దాని అర్థం. ఆ సంబంధాన్ని మన మాట ఎప్పుడో పట్టుకుంది. మన సంఘాలు పెరిగినప్పుడల్లా "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అని ఎక్కిరించేవాళ్లకు మాత్రం ఈ మాట విలువ తెలియదు.

గాయం ఎట్లా మానుతుంది?

పుట్టగొడుగు గాయానికి ఏం చేస్తుందో తెలియాలంటే ముందు గాయం ఎట్లా మానుతుందో తెలియాలి. చర్మం తెగగానే శరీరం నాలుగు పనులు మొదలుపెడుతుంది. ఇవి ఒకదాని వెంట ఒకటి, కొంత ఒకదాని మీద ఒకటి నడుస్తాయి.

మొదటిది నెత్తురు ఆగడం. రక్తనాళాలు ముడుచుకుంటాయి, ప్లేట్‌లెట్లు చేరి గడ్డకడతాయి. ఇది నిమిషాల పని.

రెండోది వాపు. చోటు ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బుతుంది. మనం దీన్ని చెడు అనుకుంటాం గానీ ఇది కాపలా. తెల్లకణాలు వచ్చి క్రిములతో కొట్లాడతాయి. వాటి తర్వాత మాక్రోఫేజ్ అనే పెద్ద కణాలు వచ్చి చచ్చిన కణాలనూ మురికినీ మింగేస్తాయి. అంతేకాదు, "ఇక కట్టడం మొదలుపెట్టండి" అని మిగతా కణాలకు కబురుపెట్టేవీ ఇవే. మాక్రోఫేజ్ అంటే పారిశుధ్య కార్మికుడూ మేస్త్రీ ఒకరే అయినట్టు. ఊళ్లో గానీ ఒంట్లో గానీ ఊడ్చే మనిషి లేకుండా కట్టే పని మొదలుకాదు.

మూడోది కట్టడం. కొత్త కండ ఎర్రగా గింజలు గింజలుగా లేస్తుంది. కొత్త రక్తనాళాలు పుడతాయి. కొల్లాజెన్ అనే పీచు అల్లుకుంటుంది. అంచుల నుంచి చర్మకణాలు పాక్కుంటూ వచ్చి పైన కప్పేస్తాయి. నాలుగోది గట్టిపడటం. ఇది నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా సాగుతుంది. ఎంత గట్టిపడినా మచ్చకు మొదటి చర్మబలంలో 80 శాతానికి మించి రాదు.

ఆరోగ్యంగా ఉన్న పదేళ్ల పిల్లవాడి వేలు ఈ నాలుగు పనులనూ ఏ మందూ లేకుండానే పూర్తిచేసుకోగలదు. కాబట్టి ఆ విద్యార్థిని అడిగింది న్యాయమైన ప్రశ్న. నా వేలు ఒక్కటి మానడం రుజువు కాదు. రుజువు ఎక్కడెక్కడ ఉందో చూద్దాం.

పుట్టగొడుగులో ఉన్న నాలుగు పనితనాలు

ఒకటి, నెత్తురు ఆపడం. మా పెద్దమ్మ వాడిన పొడిపుట్టగొడుగు ఒక్క మా ఊరి మందు కాదు. ఐరోపా పల్లెల్లో, ఉత్తర అమెరికా ఆదివాసుల్లో, మధ్యభారతంలో బైగా, భారియా, గోండు ప్రజల్లో ఇదే రకం పొడిని పుండ్లకూ కాలిన గాయాలకూ వాడిన ఆనవాళ్లున్నాయి. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు ఒకే పని చేశారంటే ఆ పని వెనక ఏదో కారణం ఉండాలి. ఆ పొడి నిజానికి లక్షల కొద్దీ బీజకణాలూ సన్నటి పోగులూ. అవి తడిని పీలుస్తాయి, నెత్తురు గడ్డకట్టడానికి పట్టు ఇస్తాయి.

ఐరోపాలో చెట్ల మానులమీద గిట్టలాగా పెరిగే ఇంకో గట్టి పుట్టగొడుగును దంచి, మెత్తటి తోలులాగా చేసి, మంగలి వైద్యులు నెత్తురు ఆపడానికి వాడేవాళ్లు. 18వ శతాబ్దంలో దానికి 'శస్త్రవైద్యుల పుట్టగొడుగు' అన్న పేరే ఉంది. 1991లో ఆల్ప్స్ కొండల మంచులో దాదాపు 5,300 ఏళ్ల నాటి మనిషి శవం దొరికింది. అతని దగ్గర బిర్చి చెట్టుమీద పెరిగే పుట్టగొడుగు ముక్కలు రెండు తోలుతాళ్లకు గుచ్చి ఉన్నాయి. అవి మందుకోసమేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

రెండు, క్రిములను ఆపడం. పుట్టగొడుగు బతికేది కుళ్లే కట్టెలో, పేడలో, తడినేలలో. అక్కడ తిండికోసం బాక్టీరియాతో రోజూ పోటీ. అందుకే చాలా శిలీంధ్రాలు బాక్టీరియాను అడ్డుకునే రసాయనాలను తయారుచేసుకుంటాయి. పెన్సిలిన్ వచ్చింది బూజు నుంచి. అది పుట్టగొడుగు కాదు గానీ దాని చుట్టమే. గొడుగు ఉన్న అసలు పుట్టగొడుగు నుంచి వచ్చిన మందు కూడా ఉంది. 1951లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో కవనాగ్, అన్నెట్ హార్వీ, రాబిన్స్ అనే శాస్త్రవేత్తలు ఒక చిన్న తెల్ల పుట్టగొడుగు నుంచి ప్లూరోమ్యుటిలిన్ అనే పదార్థాన్ని తీశారు. బాక్టీరియా లోపల ప్రోటీన్లు తయారయ్యే యంత్రాన్ని అది ఆపేస్తుంది. దాన్ని కొద్దిగా మార్చి చేసిన టియామ్యులిన్‌ను 1970ల చివరి నుంచి పందుల, కోళ్ల రోగాలకు వాడుతున్నారు. పుట్టగొడుగు, పంది, కోడి! మనువు ఒకే శ్లోకంలో వెలివేసిన మూడూ పశువైద్యుడి చీటీ మీద మళ్లీ కలుసుకున్నాయి.

మనుషుల చర్మానికి అదే పదార్థం నుంచి రెటపామ్యులిన్ అనే పైపూత మందు వచ్చింది. పిల్లల మూతిచుట్టూ ముక్కుచుట్టూ లేచే చీముపొక్కులకు 2007లో అమెరికా దాన్ని ఆమోదించింది. అదే ఏడాది ఐరోపాలో క్రిములు పట్టిన చిన్న కోతలకూ కుట్లువేసిన గాయాలకూ కూడా అనుమతి దొరికింది. గాయం మీద పుట్టగొడుగు పనిచేస్తుందా అన్న ప్రశ్నకు మనుషుల మీద పరీక్షించి తేల్చిన గట్టి జవాబు ఇది. కాకపోతే అక్కడ వాడింది పుట్టగొడుగును కాదు, దానిలోంచి వేరుచేసి, శుద్ధిచేసి, కొలిచిన ఒక్క పదార్థాన్ని.

మూడు, కాపలా కణాలను లేపడం. పుట్టగొడుగు కణాల గోడలో బీటా-గ్లూకాన్ అనే పొడవాటి చక్కెర గొలుసు ఉంటుంది. మన శరీరంలో అది ఉండదు. అందుకే మాక్రోఫేజ్ దాన్ని చూడగానే పరాయిదని గుర్తుపడుతుంది. గుర్తుపట్టే తాళం పేరు డెక్టిన్-1. అది బీటా-గ్లూకాన్‌ను పట్టుకుంటుందని 2001లో తేలింది. తాళం తిరగగానే మాక్రోఫేజ్ చురుకై మింగే పనీ కబురుపెట్టే పనీ పెంచుతుంది. జపాన్‌లో 1980లలో షిటాకే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌ను కాన్సర్ చికిత్సలో తోడుమందుగా ఒప్పుకోవడానికి మూలం కూడా ఈ గుణమే.

నాలుగు, కొత్త చర్మానికి పందిరి వేయడం. రొయ్య పెంకులో, పీత పెంకులో ఉండే కైటిన్ పుట్టగొడుగులో కూడా ఉంది. దాని నుంచి చేసే కైటోసాన్ నెత్తురును తొందరగా గడ్డకట్టిస్తుంది. 2000 తర్వాతి యుద్ధాల్లో అమెరికా సైన్యం రొయ్య పెంకుల కైటోసాన్ పట్టీలు వాడింది. తైవాన్ పరిశోధకులు గానోడెర్మా జాతి పుట్టగొడుగులో మిగిలిన పిప్పిని శుద్ధిచేసి, కైటిన్, చక్కెర గొలుసులు కలిసిన పలచటి పొరను తయారుచేశారు. దాన్ని చర్మానికి బదులుగా జంతువుల గాయాలమీద పరిచి చూసి 1997లో ఫలితాలు ప్రకటించారు. తీగకు పందిరి ఎట్లాగో, పాక్కుంటూ వచ్చే కణాలకు ఆ పొర అట్లాగ.

ఎలుక వేరు, మనిషి వేరు

ఇప్పటిదాకా చదివినవాళ్లు "మరింకేం, పుట్టగొడుగు తెచ్చి పుండుకు కడదాం" అనుకోవచ్చు. అక్కడే ఆగాలి.

గాయాల మీద పుట్టగొడుగు పరిశోధనల్లో ఎక్కువ భాగం ఎలుకల మీద జరిగినవి. 2009లో జపాన్‌లో స్పరాసిస్ పుట్టగొడుగునూ, 2011లో మలేషియాలో హెరీషియం పుట్టగొడుగునూ ఎలుకలమీద పరీక్షించి గాయాలు తొందరగా మూసుకున్నాయని రాశారు. జపాన్ పరీక్షలో వాడినవి షుగర్ తెప్పించిన ఎలుకలు. ఆశ కలిగించే పనే. కానీ ఎలుక చర్మం కింద మనకు దాదాపుగా లేని సన్నటి కండపొర ఒకటి ఉంటుంది. అది గాయం అంచులను సంచిమూతిలాగా లాగి దగ్గరికి తెస్తుంది. ఎలుక గాయం ఎక్కువగా ముడుచుకుని మూసుకుంటుంది. మనిషి గాయం ఎక్కువగా కండ పెరిగి, చర్మం పాకి మూసుకుంటుంది. కాబట్టి ఎలుకలో నెగ్గిన మందు మనిషిలో నెగ్గాలని లేదు.

ఇది నాకు పుస్తకంలో తెలిసిన సంగతి కాదు, ఇంట్లో తెలిసింది. నా వేలికి కట్టుకట్టిన ఆ పెద్దమ్మకే తర్వాత షుగర్ వచ్చింది. ఒక ఎండాకాలం కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంది. షుగర్ ముదిరినవాళ్లకు పాదంలో స్పర్శ తగ్గుతుంది, నెత్తురు సరిగా ఆడదు, గాయం వాపు దశలోనే ఇరుక్కుని కట్టే దశకు రాదు. ఆమెకు నొప్పి తెలియలేదు. మండల కేంద్రంలో ఒకాయన 'గానోడెర్మా' గోలీలు అమ్మేవాడు. షుగర్ పోతుంది, పుండు మానుతుంది, ఇంగ్లీషు మందులు అక్కర్లేదు అని చెప్పాడు. రెండు నెలల కూలిడబ్బులు ఆ డబ్బాలకే పోయాయి. మేం ఆస్పత్రికి తీసుకుపోయేటప్పటికి రెండు కాలివేళ్లు నల్లబడ్డాయి. తీసేశారు.

గానోడెర్మా షుగర్ రోగులకు ఉపయోగపడుతుందా అని మనుషుల మీద జరిగిన 5 పరీక్షలను, దాదాపు 400 మంది వివరాలను, 2015లో కొక్రేన్ సంస్థ సమీక్షించింది. షుగర్ ఉన్నవాళ్లలో గుండెజబ్బు ప్రమాదాన్ని తగ్గించడానికి దీన్ని వాడమనడానికి ఆధారం లేదని తేల్చింది. రక్తంలో చక్కెర కూడా తగ్గలేదు. గోలీల డబ్బా మీద ఈ సంగతి రాయరు.

ఆస్పత్రి మంచం పక్కన కూచుని ఆమెను అడిగాను. "పెద్దమ్మా, నా వేలికి పెట్టిన పొడి నీ కాలికెందుకు పెట్టుకోలేదు?" ఆమె నన్ను చదువురానివాణ్ని చూసినట్టు చూసింది. "అన్నిటికీ పెట్టరు బిడ్డా. తాజాగ తెగినదానికే. చీము పట్టినదానికి పెట్టొద్దు. ముల్లుపోటుకు పెట్టొద్దు, లోపల్నే మూసుకుంటది" అన్నది.

ఈ మాట నాకు సెమినార్ ప్రశ్న కంటే పెద్ద పాఠం. పెద్దమ్మ జ్ఞానంలో మందు ఒక్కటే లేదు, ఎప్పుడు వాడకూడదో కూడా ఉంది. బజారు మందును తీసుకుంది, హద్దును తీసేసింది. మన జ్ఞానాన్ని దొంగిలించడమంటే మొక్క పేరు ఎత్తుకుపోవడం ఒక్కటే కాదు, దాని హద్దులను చెరిపేసి మళ్లీ మనకే అమ్మడం కూడా.

ఆమె జ్ఞానంలో కూడా లోపం ఉంది, దాచిపెట్టడం నిజాయితీ కాదు. నేలమీద దొరికిన పొడిలో ధనుర్వాతం క్రిములు ఉండవచ్చు. ఆ రోజు నాకు టెటనస్ ఇంజెక్షన్ వేయించలేదు. నాకు ఏమీ కాకపోవడం అదృష్టం. ఆ పొడిని ఎక్కువగా పీల్చినా ప్రమాదమే. 1994లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎనిమిది మంది కుర్రవాళ్లు దాన్ని పీల్చి ఊపిరితిత్తుల జబ్బుతో పడ్డారు. కట్టెలమీద విరివిగా పెరిగే చీలికపుట్టగొడుగు షైజోఫిల్లం బలహీనంగా ఉన్న మనుషుల ఊపిరితిత్తుల్లోనే పెరిగిన సందర్భాలున్నాయి. మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. పచ్చి పుట్టగొడుగును గానీ దాని పొడిని గానీ తెరిచిన గాయంలో పెట్టకండి. గాయాన్ని శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో కడిగి, అదిమిపట్టి, టెటనస్ ఇంజెక్షన్ వేయించండి. షుగర్ ఉన్నవాళ్ల కాలిపుండును ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా ఆస్పత్రిలో చూపించండి.

ఎవరి జ్ఞానానికి కాగితం ఉంది?

ఇప్పుడు ప్రొఫెసర్ ప్రశ్న. "టెక్స్ట్ ఉందా?"

గాయాల చరిత్ర అంతా చేతికీ పుస్తకానికీ మధ్య కొట్లాటే. 16వ శతాబ్దం ఫ్రాన్సులో లాటిన్ చదివిన డాక్టర్లు నెత్తురు ముట్టేవాళ్లు కాదు. ముట్టినవాళ్లు మంగలి వైద్యులు. వాళ్లలో ఒకడైన ఆంబ్రోయిజ్ పారేకు లాటిన్ రాదు. తుపాకీ గాయాల్లో కాగిన నూనె పోయాలని పుస్తకం చెప్పేది. 1537లో యుద్ధంలో నూనె అయిపోయింది. కోడిగుడ్డు సొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి పూశాడు. తెల్లారి చూస్తే నూనె పోసినవాళ్లు జ్వరంతో మూలుగుతున్నారు, ఇది పూసినవాళ్లు నయంగా ఉన్నారు. తాను చూసినదాన్ని తన భాషలోనే రాశాడు. మన ఊళ్లలోనూ కురుపు కోసింది మంగలి, పురుడు పోసింది మంత్రసాని, తోలు గుణం తెలిసింది లందలో పనిచేసిన మాదిగకు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

తెగిన ముక్కును నుదుటి చర్మంతో మళ్లీ కట్టే శస్త్రచికిత్స గురించి 1794లో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో ఒక లేఖ అచ్చయింది. బ్రిటిష్ సైన్యంలో ఎడ్లబండి తోలే కావస్జీ అనే అతనికి పుణె దగ్గర ఆ పని చేసిన మనిషిది ఇటుకలు చేసే కులమని ఆ లేఖే చెబుతుంది. ప్రపంచ ప్లాస్టిక్ సర్జరీ చరిత్రలో ఈ ఘటన మైలురాయి. మన దేశంలో మాత్రం గొప్పంతా సుశ్రుతుడికే పోయింది. కత్తి పట్టిన ఇటుకల కులపు మనిషికి పేరు కూడా మిగల్లేదు.

ఇది గతం మాటే కాదు. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంటు దొరికింది. మన సి.ఎస్.ఐ.ఆర్. దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. మంచిపని. ఎట్లా గెలిచింది? పాత గ్రంథాలనూ అచ్చయిన వ్యాసాలనూ చూపించి. ఆ అనుభవంతో 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. అందులోకి ఎక్కినవి ఆయుర్వేదం, యునానీ, సిద్ధ వంటి గ్రంథాల్లోని మందులు. మరి మనువు వెలివేసిన పుట్టగొడుగు మీద, చదువు వెలివేసిన మనుషుల నోట్లో ఉన్న జ్ఞానం? దానికి గ్రంథం లేదు కాబట్టి లైబ్రరీలో చోటు లేదు. చదువు నిరాకరించింది వాళ్లే, కాగితం ఏదని అడుగుతున్నదీ వాళ్లే!

2002 జీవవైవిధ్య చట్టం మౌఖిక జ్ఞానానికి కొంత చోటు ఇచ్చింది. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజల జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి, ఆ జ్ఞానంతో వ్యాపారం చేసినవాళ్లు లాభంలో వాటా ఇవ్వాలి. 2023 సవరణ ఒక మెలిక పెట్టింది. అధికారికంగా గుర్తించిన గ్రంథాల్లో ఉన్న జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు వాటా పంచడం నుంచి మినహాయింపు ఇచ్చింది. అంటే రెండువైపులా మనకే నష్టం. గ్రంథంలో లేకపోతే జ్ఞానమే కాదంటారు. గ్రంథంలో ఉందని చూపిస్తే వాటా అక్కర్లేదంటారు. 2024 మే నెలలో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ, జన్యువనరులతో ముడిపడిన పేటెంటు అడిగేవాళ్లు జ్ఞానం ఏ సమూహం నుంచి వచ్చిందో చెప్పాలనే ఒప్పందాన్ని ఆమోదించింది. అది అమల్లోకి రావడానికి 15 దేశాల ధ్రువీకరణ కావాలి. వచ్చినా, సమూహం పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉంటేనే గదా చెప్పేది!

మనం చేయగలిగింది

కార్యకర్తలకు: మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉందా, అందులో మన వాడవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు ఉన్నారా అని అడగండి. రిజిస్టర్ చూపించమనండి. అది కాంట్రాక్టు మనుషులు ఆఫీసులో కూచుని నింపినదైతే గ్రామసభలో మళ్లీ రాయించండి.

ఉపాధ్యాయులకు: వానాకాలంలో ఒక పూట పిల్లలను ఇంటి పెద్దల దగ్గరికి పంపండి. మీ ఊళ్లో పుట్టగొడుగులకు ఎన్ని పేర్లున్నాయి, ఏది ఎక్కడ మొలుస్తుంది, ఏది తినరు, ఎందుకు తినరు అని రాసుకురమ్మనండి. తెంపి రుచి చూడనివ్వకండి. వెండి నాణెం నల్లబడితే విషమనే నమ్మకం తప్పని అదే రోజు చెప్పండి. విషపు పుట్టగొడుగును ఇంట్లో గుర్తుపట్టే సులువైన పరీక్ష ఏదీ లేదు.

పరిశోధక విద్యార్థులకు: మందు పేరు ఒక్కటే రాసుకోవద్దు. చెప్పిన మనిషి పేరు ఆమె ఒప్పుకుంటే రాయండి, తేదీ వేయండి. దేనికి వాడతారో అడిగినట్టే దేనికి వాడరో తప్పకుండా అడగండి. నమూనాను ఎండబెట్టి వృక్షశాస్త్ర విభాగంలో సరైన పేరు పెట్టించండి. ఊరి అనుమతి లేకుండా అచ్చు వేయకండి. మనం పత్రికలో వేసింది ఎవడో కంపెనీవాడు చదివి ఎత్తుకుపోతే దొంగకు తలుపు తీసినవాళ్లం మనమే అవుతాం. సైన్సు చదివే మన పిల్లలు ఈ నమూనాలను ల్యాబుకు తీసుకుపోవాలి. పనిచేస్తుందని తేలితే సమూహానికి వాటా అడగాలి. పనిచేయదని తేలితే అది కూడా ఊరికి వచ్చి చెప్పాలి. మన జ్ఞానాన్ని గౌరవించడమంటే దానికి దండం పెట్టడం కాదు, దాన్ని పరీక్షకు నిలబెట్టడం.

ఆ విద్యార్థినికి నా జవాబు ఇది. చెల్లీ, నా వేలు దానంతటదే మాని ఉండవచ్చు. ఆ పొడి నెత్తురు ఆపడానికి తోడ్పడి ఉండవచ్చు. తేల్చాల్సింది నువ్వూ నీలాంటివాళ్లూ. ఆ పరీక్ష రాసేటప్పుడు మూలం దగ్గర మా పెద్దమ్మ పేరు రాయి.

ప్రొఫెసర్ గారికి కూడా జవాబు దొరికింది. పోయిన వానాకాలం మా ఊరి గ్రామసభలో రిజిస్టర్ తెరిచాం. పెద్దమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చి కుర్చీలో కూచుంది. ఆమె చెప్పింది, నేను రాశాను. మొదటి పేజీలో పుట్టగొడుగు. కింద రెండు గడులు: దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు. చివర ఆమె వేలిముద్ర. టెక్స్ట్ ఉంది సార్, వచ్చి చూడొచ్చు.